గుండె కుదుటపడ్డాక మనసు సంగతి

స్టెంట్ వేస్తే రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపిస్తున్నారు. బైపాస్ అయితే వారం, పది రోజులు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. 2017 ఫిబ్రవరిలో మందు పూసిన స్టెంటు ధరకు కేంద్రం 29,600 రూపాయల దగ్గర కళ్లెం వేసింది. ఒకప్పుడు పంజాగుట్ట నిమ్స్ దాకా పరుగెత్తాల్సిన వైద్యం ఇవాళ ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్‌లలోనే దొరుకుతోంది. సాగర్ రోడ్డు వెంట ఇంజాపూర్, తుర్కయంజాల్, రాగన్నగూడ కాలనీల్లో "మావారికి రెండు స్టెంట్లు పడ్డాయి" అనే మాట షుగరు, బీపీల సరసన చేరిపోయింది.

ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి కాగితంలో మాత్రల పేర్లుంటాయి, ఉప్పూ నూనే తగ్గించమని ఉంటుంది, మళ్లీ ఎప్పుడు రావాలో ఉంటుంది. మనసు గురించి మాత్రం చాలాచోట్ల ఒక్క ముక్కే, అదీ నోటిమాటగానే: "టెన్షన్ పెట్టుకోకండి." ఎలా పెట్టుకోకుండా ఉండాలో చెప్పేవారు లేరు. పెట్టుకుంటే ఎవరి దగ్గరికి వెళ్లాలో అంతకన్నా తెలియదు.

గుండె జబ్బు తర్వాత వచ్చే డిప్రెషన్ మీద ముప్పై ఏళ్లుగా గట్టి పరిశోధన జరిగింది. ఆ పరిశోధనలన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే రెండు సంగతులు తేలతాయి. ఈ దిగులుకు వైద్యం ఉంది, అది పనిచేస్తుంది. ఆ వైద్యం వల్ల గుండెకు ఆయుష్షు పెరుగుతుందా అన్నది మాత్రం ఇంకా తెగని పంచాయితీ. అది తెగేదాకా ఆగనక్కర్లేదన్నదే ఈ వ్యాసం చెప్పదలచుకున్నది.

ఎంతమందికి, ఏ వయసులో

గుండెపోటుతో ఆసుపత్రిలో చేరినవారిలో దాదాపు ఐదుగురిలో ఒకరికి పూర్తిస్థాయి డిప్రెషన్ కనిపిస్తుందని ఎన్నో దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. అంత తీవ్రంగా కాకపోయినా కొన్ని లక్షణాలతో సతమతమయ్యేవారు ఇంకా ఎక్కువ. ఆడవాళ్లలోను, చిన్న వయసులో గుండెపోటు వచ్చినవారిలోను ఇది హెచ్చు.

చిన్న వయసు సంగతి మనకు మరీ ముఖ్యం. 52 దేశాల్లో జరిగిన 'ఇంటర్‌హార్ట్' అధ్యయనంలో దక్షిణాసియా వాళ్లకు తొలి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వచ్చింది. మిగతా దేశాల వాళ్లకు ఆ సగటు 58.8. యాభై మూడేళ్లంటే మన ఇళ్లలో ఎలాంటి వయసు? నల్లగొండ, దేవరకొండ, మిర్యాలగూడ వైపు నుంచి వచ్చి, సాగర్ రోడ్డు మీద ప్లాటు కొని ఇల్లు కట్టుకున్న మనిషికి బ్యాంకు లోను ఇంకా తీరలేదు. కొడుకు బీటెక్ ఫీజు మిగిలుంది, కూతురి పెళ్లి ముందుంది. ఆటో నడిపేవాడికి, కేటరింగు చేసేవాడికి, ప్రైవేటు స్కూల్లో పాఠం చెప్పేవాడికి జీతంతో కూడిన సెలవన్నదే లేదు. అలాంటి మనిషిని నెల రోజులు మంచం మీద కూర్చోబెడితే దిగులు పుట్టకుండా ఎలా ఉంటుంది?

అయితే ప్రతి దిగులూ జబ్బు కాదు. చావు దగ్గరిదాకా వెళ్లొచ్చినవాడికి మొదటి కొన్ని రోజులు భయం, కన్నీళ్లు, నిద్రలేమి మామూలే. చాలామందిలో అవి వాటంతటవే సర్దుకుంటాయి. వైద్యులు గీసే గీత రెండు వారాలు. దేనిమీదా ఆసక్తి లేకపోవడం, మనసు కుంగిపోయి ఉండటం, ఈ రెంటిలో ఏదైనా రెండు వారాలకు మించి దాదాపు రోజూ ఉంటే పట్టించుకోవాల్సిందే.

బాత్రూం గొళ్లెం, ఈఎఫ్ అంకె

డిప్రెషన్ అనగానే మూలన కూర్చుని ఏడ్చే మనిషి కళ్లముందు కదులుతాడు. గుండె జబ్బు తర్వాత, ముఖ్యంగా మగవాళ్లలో, అది ఆ వేషంలో రాదు. స్నానానికి వెళ్తే గొళ్లెం పెట్టుకోడు. లోపల పడిపోతే తలుపు పగలగొట్టాల్సి వస్తుందని లెక్క. ఎడమవైపు ఒత్తిగిల్లడు, గుండె చప్పుడు చెవిలో వినిపిస్తుందని. కరోనా నాడు కొన్న ఆక్సీమీటరు దిండు పక్కకు చేరుతుంది. బీపీ మిషను రోజుకు పదిసార్లు చేతికి ఎక్కుతుంది. ఎక్కిన ప్రతిసారీ కంగారుకు అంకె ఇంకాస్త పెరుగుతుంది.

టూడీ ఎకో రిపోర్టులో ఈఎఫ్ 40 అని ఉంటే దాన్ని వందకు నలభై మార్కులని చదువుకుంటాడు. గుండెలోకి చేరిన రక్తంలో ఒక్కో స్పందనకు ఎంత శాతం బయటికి వెళ్తోందో చెప్పే అంకె అది. ఏ జబ్బూ లేని గుండెకూ అది వంద ఉండదు, సుమారు 55 నుంచి 70 మధ్యే ఉంటుంది. ఈ చిన్న వివరం ఎవరూ చెప్పకపోవడం వల్ల "నా గుండె సగం కూడా పనిచేస్తలేదు" అనుకుంటూ నెలల తరబడి కుమిలిపోయేవాళ్లున్నారు.

రాత్రి రెండు గంటలకు ఛాతీలో ఏదో పట్టేసినట్టు అనిపిస్తుంది. క్యాజువాలిటీకి తీసుకెళ్తారు. ఈసీజీ, రక్తపరీక్ష తీసి ఏమీ లేదని పంపిస్తారు. రెండోసారీ అంతే. మూడోసారి ఇంట్లోవాళ్ల ఓపిక నశిస్తుంది: "ఏం లేదన్నరు గదా, ఊకె రంది పెట్టుకుంటవేంది?" ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. ఛాతీ నొప్పి వస్తే అది మనసుదా గుండెదా అని ఇంట్లో తేల్చకూడదు, ప్రతిసారీ చూపించాల్సిందే. గుండెలో ఏమీ లేదని తేలాక ఆ భయానికి వైద్యం వెతకాలి, మనిషిని కసరకూడదు.

కొందరిలో అది కోపంగా బయటపడుతుంది. టీవీ సౌండుకు, పిల్లల ఫోనుకు, కూరలో ఉప్పు లేకపోవడానికి విరుచుకుపడతారు. కొందరు పెళ్లిళ్లకు వెళ్లడం మానేస్తారు. వెళ్తే ఎదురైన ప్రతివాడూ "ఎన్ని స్టెంట్లు, ఎంతయింది?" అని అడుగుతాడని. కొందరు సాయంత్రం క్వార్టరు సీసాలో నిద్ర వెతుక్కుంటారు. ఆడవాళ్ల సంగతి మరీ మరుగున పడుతుంది. ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికే ఆమె పొయ్యి దగ్గర ఉంటుంది. "నీరసంగా ఉంది" అంటే వయసనో రక్తం తక్కువనో సర్దిచెబుతారు.

గుండెకు దీనివల్ల ఏమవుతుంది

మాంట్రియల్‌లో నాన్సీ ఫ్రేజర్-స్మిత్ బృందం గుండెపోటు వచ్చిన 222 మందిని ఆరు నెలలు గమనించి 1993లో ఫలితాలు ప్రకటించింది. గుండె ఎంత దెబ్బతిన్నదో లెక్కలోకి తీసుకున్నాక కూడా, డిప్రెషన్ ఉన్నవారిలో మరణాలు లేనివారికన్నా నాలుగు రెట్లకు పైగా కనిపించాయి. తర్వాత వచ్చిన పెద్ద విశ్లేషణల్లో ఆ తేడా సుమారు రెట్టింపు దగ్గర నిలిచింది. 2014లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్, గుండెపోటు తర్వాతి డిప్రెషన్‌ను ముప్పు పెంచే కారణాల్లో ఒకటిగా గుర్తించాలని చెప్పింది.

ఎందుకిలా అన్నదానికి రెండు దారుల్లో జవాబులున్నాయి. మొదటిది ఒంట్లో జరిగేది: ఒత్తిడి హార్మోన్లు పెరగడం, రక్తంలో ప్లేట్‌లెట్లు తొందరగా అంటుకోవడం, ఒంట్లో వాపు గుణం హెచ్చడం. రెండోది నడవడి. దీన్ని తూచి చూసినది శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతపు 'హార్ట్ అండ్ సోల్' అధ్యయనం. గుండె జబ్బు ఉన్న 1,017 మందిని ఏళ్ల తరబడి గమనించిన మేరీ హూలీ బృందం 2008లో చెప్పింది ఇది: డిప్రెషన్ వల్ల పెరిగినట్టు కనిపించిన ముప్పులో చాలా భాగం వ్యాయామం లేకపోవడం వంటి అలవాట్లతోనే సరిపోతోంది. మనసు బాగోలేనివాడు నడవడు, మాత్రలు సరిగా వేసుకోడు, సిగరెట్ మానడు. కొత్తగా స్టెంట్ పడ్డవాడు రక్తం పలచబరిచే మాత్రలు తనంతట తాను ఆపేస్తే స్టెంటులోనే రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. దిగులుకూ మాత్రల డబ్బాకూ ఉన్న సంబంధం అంత దగ్గరిది.

వైద్యం చేస్తే ఫలితముందా

ముప్పు ఉందని తేలితే, వైద్యం చేస్తే ముప్పు తగ్గాలి కదా అని వైద్యులు ఆశపడ్డారు. అమెరికాలో 2,481 మందితో జరిగిన 'ఎన్‌రిచ్డ్' పరీక్షలో కౌన్సెలింగ్, అవసరమైనవారికి సెర్ట్రలిన్ మాత్ర ఇచ్చారు. 2003లో ఫలితాలు వచ్చాయి. మనసు కొంత తేరుకుంది, ఒంటరితనం తగ్గింది. మరణాలు, మళ్లీ వచ్చే గుండెపోట్లు మాత్రం తగ్గలేదు. అంతకు ముందు ఏడాది 'సాడ్‌హార్ట్' పరీక్ష, సెర్ట్రలిన్ గుండె రోగులకు క్షేమమేనని 369 మందిలో చూపించింది. 2018లో దక్షిణ కొరియా నుంచి ఇంకో మాట వినిపించింది. ఎస్‌సిటలోప్రామ్ ఆరు నెలలు వాడిన బృందంలో, సుమారు ఎనిమిదేళ్ల కాలంలో గుండె సంబంధ ప్రమాదాలు 40.9 శాతం. ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 53.6 శాతం. ఆశ కలిగించే ఫలితమే గాని, అది 300 మందితో జరిగిన ఒక్క పరీక్ష. గుండె బలహీనపడి ఆయాసం వచ్చే రోగుల్లో మాత్రం ఇలాంటి మాత్రలు డిప్రెషన్ మీద కూడా ఉత్తుత్తి మాత్రకన్నా ఎక్కువగా పనిచేయలేదని రెండు పెద్ద పరీక్షలు చూపాయి.

ఈ లెక్కలు చూసి "అయితే వైద్యం ఎందుకు?" అని అడిగేవారున్నారు. ప్రశ్నే తప్పు. మోకాలి నొప్పికి మందు వేసేటప్పుడు దానివల్ల ఆయుష్షు పెరుగుతుందా అని ఎవరూ అడగరు, నొప్పి తగ్గితే చాలు. మనసు నొప్పికి మాత్రం గుండె తరఫున సిఫారసు కావాలా? మనిషి మళ్లీ నిద్రపోగలిగితే, మనవడితో ఆడుకోగలిగితే, దుకాణం షట్టరు ఎత్తగలిగితే వైద్యం ఫలించినట్టే.

ఆ ఫలితం ఏ దారిలో వస్తుందన్నదానికీ ఆధారాలున్నాయి. పిట్స్‌బర్గ్‌లో బైపాస్ అయినవారికి నర్సులు ఎనిమిది నెలల పాటు ఫోన్లు చేసి మాట్లాడారు, మందులు, వ్యాయామం, నిద్ర గురించి వాకబు చేశారు. 302 మందితో జరిగిన ఆ ప్రయత్నంలో మనసు, రోజువారీ జీవితం రెండూ మెరుగయ్యాయని 2009లో తేలింది. 2012లో అమెరికాలోనే జరిగిన ఇంకో చిన్న పరీక్షలో క్రమం తప్పని వ్యాయామం, సెర్ట్రలిన్ రెండూ డిప్రెషన్‌ను తగ్గించాయి. మన దేశంలో 24 ఆసుపత్రుల్లో 3,959 మంది గుండెపోటు రోగులతో 'యోగా-కేర్' పరీక్ష జరిగింది. మూడు నెలల్లో 13 తరగతులు. మరణాల్లో, మళ్లీ వచ్చే పోట్లలో స్పష్టమైన తేడా కనిపించలేదు. కాని తమ ఆరోగ్యం ఎలా ఉందని రోగులు చెప్పుకున్న తీరు, పాత పనుల్లోకి తిరిగి వెళ్లడం మెరుగుపడ్డాయి. ఖరీదైన యంత్రాలతో పనిలేని ఊరటలే ఇవన్నీ.

మందుల విషయంలో నాలుగు ముక్కలు. సెర్ట్రలిన్ లాంటివి అలవాటుపడే మత్తుమందులు కావు. పని మొదలవడానికి రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆస్ప్రిన్, క్లోపిడోగ్రెల్‌తో కలిసినప్పుడు రక్తస్రావం కాస్త పెరగవచ్చు, సిటలోప్రామ్ రకానికి ఈసీజీ చూసుకోవాలి, అమిట్రిప్టిలిన్ వంటి పాతకాలపు మందులు గుండెపోటు తర్వాత మంచివి కావు. కాబట్టి మనసు డాక్టరుకు గుండె మందుల చీటీ, గుండె డాక్టరుకు మనసు మందుల చీటీ తప్పక చూపించాలి. "బీపీ మాత్ర వల్లే దిగులొస్తోంది" అని బీటా బ్లాకర్లను ఆపేసేవారూ ఉన్నారు. ఆ మాత్రలు నీరసం, నిద్రలో తేడా తేవచ్చు గాని, డిప్రెషన్ తెస్తాయన్న పాత నమ్మకాన్ని పెద్ద విశ్లేషణలు సమర్థించలేదు. ఇక మెడికల్ షాపులో నిద్రమాత్ర అడిగి తెచ్చుకుని రోజూ వేసుకోవడం వైద్యమే కాదు. దిగులు అలాగే ఉంటుంది, మాత్రకు అలవాటు కొత్తగా వచ్చి చేరుతుంది.

ప్రేమతో కట్టేసిన మనిషి

తెలుగువాళ్లలో ఒక తరానికి గుండె ఆపరేషన్ అనగానే 1984 గుర్తొస్తుంది. అమెరికాలో బైపాస్ చేయించుకుని వచ్చిన ఎన్టీ రామారావు ఆగస్టు 16న ముఖ్యమంత్రి పదవి పోగొట్టుకున్నారు, ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని చక్రాల కుర్చీలో రాష్ట్రపతి దగ్గరికి వెళ్లారు, సరిగ్గా నెలకు, సెప్టెంబరు 16న, మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ కథను ధైర్యానికి ఉదాహరణగా చెబుతారు. లేవలేకపోతున్న మనిషికి అది బరువైన పోలిక. అందులో పనికొచ్చే సంగతి వేరే ఉంది: ఆయన ముందు ఒక పని ఉంది, చుట్టూ ఆయన కోసం ఎదురుచూసే మనుషులున్నారు.

మన ఇళ్లలో ఈ రెంటినే ముందు తీసేస్తాం. "నాన్నా, నువ్వు ఏం ముట్టుకోకు." "మామయ్యా, మెట్లు ఎక్కొద్దు." "ఏమండీ, బండి తాళాలు ఇటివ్వండి." పొలం అమ్మకం, బ్యాంకు పని, పెళ్లి మాటలు అన్నీ ఆయనకు తెలియకుండా జరిగిపోతాయి, టెన్షన్ పడతారని. ఇంటి పెద్ద మూడు వారాల్లో ఇంట్లో అతిథి అవుతాడు. అదంతా ప్రేమే, అందుకే కాదనలేడు.

వైద్యశాస్త్రం చెప్పేది దీనికి దాదాపు వ్యతిరేకం. డాక్టరు సరేనన్నాక, స్టెంట్ పడ్డవారిలో చాలామంది రోజుల్లోనే నడక మొదలుపెట్టవచ్చు. మొదట ఇంటి ముందు ఐదు నిమిషాలు, మెల్లగా పెంచుకుంటూ అరగంట. బైపాస్ అయినవారు రొమ్ము ఎముక అతుక్కునే దాకా, సుమారు ఆరు నుంచి ఎనిమిది వారాలు, బరువులు ఎత్తకూడదు, నడవడం మాత్రం నడవాలి. మొదట్లో తోడు ఉండాలి. కాలనీ పార్కైనా సరే, వనస్థలిపురం హరిణవనస్థలి దగ్గరి పొద్దుటి నడక గుంపైనా సరే. నడకతో పాటు నలుగురితో మాటలూ దొరుకుతాయి. ఇంటి లెక్కలు, కరెంటు బిల్లు, మనవరాలి హోంవర్కు లాంటి ఏదో ఒక బాధ్యత మొదటి వారం నుంచే ఆయన చేతిలో పెట్టాలి.

నోరు విప్పి అడగలేని ప్రశ్న ఇంకొకటి ఉంది, భార్యాభర్తల కలయిక. అడగరు, డాక్టరూ చెప్పడు. భయంతో ఇద్దరూ దూరమవుతారు, ఆ దూరమూ దిగులుకు తోడవుతుంది. ఆయాసం, ఛాతీ నొప్పి లేకుండా రెండంతస్తుల మెట్లు ఎక్కగలిగితే చాలామందికి భయం లేదన్నది వైద్యులు వాడే మోటు కొలత. అయితే నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్రలు వాడేవారు సిల్డెనాఫిల్ వంటివి తీసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అది గట్టిగా గుర్తుంచుకోవాలి.

సాగర్ రోడ్డు నుంచి ఎర్రగడ్డ దాకా

వైద్యం ఎక్కడ? తుర్కయంజాల్ నుంచి పది పన్నెండు కిలోమీటర్లు వస్తే ఎల్బీనగర్ మెట్రో. అక్కడ ఎక్కితే మారాల్సిన పనిలేకుండా అదే రైలు పంజాగుట్ట మీదుగా ఎర్రగడ్డకు, ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉన్న చోటికి తీసుకెళ్తుంది. రైలుకు అడ్డం లేదు, ఊరి పేరే అడ్డం. హైదరాబాదులో "ఎర్రగడ్డకు పంపాలి" అన్నది తిట్టు. ఆ తిట్టుకు జడిసి చికిత్స మానుకున్నవాళ్లు ఎందరో. నిజానికి గుండె జబ్బు తర్వాతి డిప్రెషన్‌కు చాలావరకు అంతదూరం వెళ్లనక్కర్లేదు. ఉస్మానియా, గాంధీ వంటి పెద్దాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు ప్రైవేటు సైకియాట్రిస్టులు దొరుకుతారు. 2022 అక్టోబరు 10న మొదలైన 'టెలీ మానస్' హెల్ప్‌లైన్ 14416 నంబరుకు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. చచ్చిపోతే బాగుండుననే మాట ఇంట్లో ఎవరి నోటైనా వస్తే వాదించకుండా, ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా వెంటనే ఆ నంబరుకు చేయాలి, లేదా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

డబ్బు సంగతి. శరీర జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పింది. కాని చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తాయి. డిప్రెషన్ వైద్యమేమో ఎక్కువగా ఓపీలోనే జరుగుతుంది.

లెక్కల్లోనూ మనం వెనకబడ్డాం. 2015-16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాలను చూసింది. వాటిలో తెలుగు రాష్ట్రాలు రెండూ లేవు. చూసిన చోట్ల డిప్రెషన్ ఉన్నవారిలో సుమారు 85 శాతం మందికి ఏ వైద్యమూ అందడం లేదని తేలింది.

దారి చూపిన ఉదాహరణ మాత్రం మన దగ్గరే ఉంది. పశ్చిమ గోదావరి జిల్లాలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వారు 'స్మార్ట్ మెంటల్ హెల్త్' పేరుతో ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇచ్చారు. వాళ్లు ఇంటింటికీ వెళ్లి ట్యాబ్‌లో తొమ్మిది ప్రశ్నలు అడిగేవారు: నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, పనిమీద మనసు నిలుస్తోందా, బతకడం ఎందుకనిపిస్తోందా. మార్కులు ఎక్కువ వచ్చినవారిని పీహెచ్‌సీ డాక్టరుకు చూపించి, తర్వాత మళ్లీ వెళ్లి కనుక్కునేవారు. మన దగ్గరా హర్యానాలోనూ కలిపి 44 పీహెచ్‌సీల పరిధిలో చేసిన పరీక్షలో డిప్రెషన్ తగ్గిందని 2024లో ఫలితాలు వచ్చాయి. సైకియాట్రిస్టు లేని ఊళ్లో ఆశా కార్యకర్త చేయగలిగినది, గుండె ఆసుపత్రి నర్సు చేయలేదా?

ఇక్కడ ఒక హెచ్చరిక ఉంది. 2019లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో గుండె రోగులు 1,500 మందిని తీసుకుని, కొందరికి డిప్రెషన్ ప్రశ్నలు అడిగి ఫలితాన్ని డాక్టరుకు చెప్పి ఊరుకున్నారు, కొందరికి అడగడంతో పాటు వైద్యమూ ఏర్పాటు చేశారు, కొందరిని మామూలుగా వదిలేశారు. ఏడాదిన్నర తర్వాత వాళ్ల జీవితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంత వనరులున్నచోటే అలా ఉంటే, ఫారం నింపి పక్కన పడేస్తే మన దగ్గర జరిగేది శూన్యం. పశ్చిమ గోదావరిలో ఫలితం వచ్చింది మళ్లీ మళ్లీ తలుపు తట్టినందుకు.

అందుకని అడగాల్సింది పెద్ద పథకమేమీ కాదు. గుండె ఆసుపత్రి ప్రతి డిశ్చార్జి కాగితంలో మనసు గురించి ఒక పేరా రాయాలి: ఏ లక్షణాలు మామూలు, ఎన్నాళ్లు, దాటితే ఎవరికి ఫోన్ చేయాలి. నెల రోజుల చెకప్‌లో ఈసీజీ తీసే నర్సే "ఈ రెండు వారాల్లో దేనిమీదా ఆసక్తి లేకుండా ఉందా? మనసు కుంగినట్టు ఉందా?" అని అడగాలి. అవునంటే సైకియాట్రిస్టు చీటీ ఆ పూటే చేతికివ్వాలి, పది రోజులకు ఫోన్ చేసి వెళ్లారా అని కనుక్కోవాలి. బీపీ, షుగరు చూసే బస్తీ దవాఖానాలు కూడా గుండె రోగులను ఇదే అడగవచ్చు. ఇంట్లోవాళ్లు ఈ నెలలోనే చేయగలిగింది ఇంకొకటి ఉంది: తర్వాతి చెకప్‌కు వెళ్లేటప్పుడు మాత్రల డబ్బాతో పాటు నిద్ర, కోపం, భయం గురించి నాలుగు మాటలు కాగితం మీద రాసుకుని వెళ్లి, డాక్టరు అడగకపోయినా తామే చెప్పడం.